చెన్నై నుంచి శ్రీలంక చిన్న ఊళ్ళకి: కారేసుకుని తిరగాలంటే

మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, శ్రీలంక పోతున్నాం, నువ్వు పోయొచ్చావు గదా, ఒకసారి మా ప్లాను చూడు" అని ఏజెంటు ఇచ్చిన కాగితం వాట్సాప్‌లో పంపింది. కొలంబో, కాండీ, నువరేలియా, ఎల్లా, బెంటోటా. ఐదు రాత్రులు, ఐదు హోటళ్ళు. "దీంతో మీరు చూసేది వ్యాను కిటికీనే" అన్నాను. అలిగింది. ఆ అలక తీర్చడానికి రాయడం మొదలుపెట్టిందే ఇది. మిగతావాళ్ళకి కూడా పనికొస్తుందని కాస్త పెంచాను.

మాది నెల్లూరు. ముప్పై ఏళ్ళుగా చెన్నైలో, వలసరవాక్కంలో ఉంటున్నాం. కారు మా ఆయన తోలతారు. నేను పక్కన కూచుని దారి చెప్తాను, పోట్లాడతాను. పన్నెండు రాత్రులు తిరిగాం. ఎల్లా వైపు పోనే లేదు.

ముందు ఒక మాట. అందరూ కొలంబోలో దిగుతారు. చెన్నైలో ఉండేవాళ్ళు అలా చెయ్యనక్కర్లేదు. ఇక్కడినుంచి నేరుగా జాఫ్నాకి చిన్న విమానం ఉంది, రెక్కల దగ్గర ఫ్యాన్లు తిరిగే రకం. గంటంబావులో జాఫ్నా విమానాశ్రయం ఉన్న పలాలిలో దిగుతాం. 2019లో మొదలై, కరోనాకి ఆగి, మళ్ళీ వచ్చింది. పైన దిగి, కారులో కిందికి జారుకుంటూ వచ్చి, కొలంబో పక్కన కటునాయకలో విమానం ఎక్కితే వెళ్ళిన దారినే తిరిగి రావడం ఉండదు. నాగపట్నం నుంచి జాఫ్నా పక్క రేవు కాంకేసన్‌తురైకి ఓడ కూడా ఉంది గానీ అది మనుషులకే, మన కారు ఎక్కించుకుపోదామనే ఆశ పెట్టుకోవద్దు.

ఎప్పుడు పోవాలంటే, చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానే అక్కడ ఉత్తరానికీ తూర్పుకీ కురుస్తుంది. నైరుతి వాన మే నుంచి సెప్టెంబరు దాకా దక్షిణాన్నీ పడమరనీ తడుపుతుంది. పై నుంచి కిందికి రావాలంటే రెండింటికీ మధ్య పడాలి, అంటే ఫిబ్రవరి, మార్చి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వాళ్ళ సంవత్సరాది. చిన్న ఊళ్ళలో టీకొట్టు కూడా మూసేసి అందరూ సొంతూళ్ళకి పోతారు, అప్పుడు పోవద్దు. నెలనెలా పున్నమికి "పోయ" అని సెలవు. ఆరోజు మందూ మాంసం అమ్మరు. మనకి ఇబ్బంది లేదు గానీ గుళ్ళ దగ్గర జనం విపరీతం. జూన్ పున్నమికి అనురాధపురం పక్కన బౌద్ధుల కొండ మిహింతలెలో ఇసకేస్తే రాలదు.

కాగితాలు. మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఒక్కటే చాలదు. దానిమీద అక్కడి ఆటోమొబైల్ అసోసియేషన్ ముద్ర పడాలి, లేదా వాళ్ళ మోటారు ట్రాఫిక్ శాఖ ఇచ్చే తాత్కాలిక లైసెన్సు ఉండాలి. మేం నెల ముందే స్కాన్‌లు పంపితే కారు అద్దెకిచ్చినవాళ్ళే తెప్పించి పెట్టారు, దానికి వేరే రుసుం. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు వాళ్ళ ప్రభుత్వ ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) సైటు మీరే చూసుకోండి, పక్కింటివాళ్ళు చెప్పింది నమ్మొద్దు.

కారు తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తియ్యండి. బంపరు కింద, చక్రాల రిమ్ములు, ముందు అద్దం మూల, ఏదీ వదలొద్దు. మేం ఫొటోలు తీశాం గానీ వంగి కింద తియ్యలేదు. తిరిగిచ్చేటప్పుడు ఆ అద్దె కంపెనీ కుర్రాడు పడుకుని మరీ కింద టార్చి వేసి చూసి, ఒక గీత పట్టుకున్నాడు. డిపాజిట్‌లో కొంత పోయింది. ఆ గీత మాదో, మాకు ముందు వచ్చినవాళ్ళదో ఈరోజుకీ తెలీదు.

తోలడం కష్టమేం కాదు, మనలాగే ఎడమ పక్క. ఊరి బయట 70, ఊళ్ళో 50, ఎక్స్‌ప్రెస్‌వే మీద 100. అసలు తేడా జీబ్రా క్రాసింగ్ దగ్గర. మనిషి అంచున కాలు పెడితే చాలు, అక్కడ బండ్లు ఆగుతాయి. చెన్నైలో ముప్పై ఏళ్ళు తోలిన కాలు బ్రేకు మీదికి పోదు గదా! ఒక ఊళ్ళో బడిపిల్ల దాటుతుంటే మా ఆయన ముందుకి పోనిచ్చేశారు. పోలీసాయన కోప్పడలేదు, నిమ్మళంగా చీటీ రాసి లైసెన్సు తీసుకున్నాడు. జరిమానా ఆయన చేతికివ్వబోతే వద్దని పోస్టాఫీసు చూపించాడు. అక్కడ వరసలో నిలబడి డబ్బు కట్టి, రసీదు తెచ్చి చూపిస్తే లైసెన్సు ఇచ్చాడు. ముప్పావుగంట పట్టింది. ఆ తర్వాత మిగిలిన రోజులన్నీ జీబ్రా గీతలు కనబడగానే నేనే "ఆపండి" అని కేకేసేదాన్ని.

బస్సులకి మాత్రం దారి వదిలెయ్యండి. వెనక ఎర్ర బస్సు హారను మోగిందంటే ఎడమకి జరిగిపోవడమే, పంతం పనికిరాదు. చీకటి పడ్డాక అసలు తోలొద్దు. హబరణ చుట్టుపక్కల, బుత్తల నుంచి కతరగమ పోయే దారిలో ఏనుగులు రోడ్డెక్కుతాయి. బుత్తల దారిలోవి బండ్లు ఆపి తిండి అడగడం మరిగాయి. అరటిపండు ఇచ్చి ఫొటో తీసుకుందామనుకునేవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు.

దూరం కిలోమీటర్లలో లెక్కెయ్యొద్దు. మైదానంలో గంటకి నలభై, కొండల్లో పాతిక. అలా వేసుకుని రోజుకి నాలుగు గంటలకి మించకుండా చూసుకోండి. మధ్యాహ్నం మూడుకల్లా బస చేరాలి. చిన్న ఊరిని చూడాల్సింది మూడు నుంచి ఏడు దాకా. బడి విడిచి, సంత సర్దుకుని, చెరువుగట్టు మీదికి జనం నడవడానికి వచ్చే వేళ అది. పొద్దున్నే లేచి పోయేవాళ్ళకీ రాత్రి తొమ్మిదికి వచ్చి పడేవాళ్ళకీ ఏ ఊరైనా ఒక్కటే.

ఏ ఊళ్ళో ఆగాలో తెలియకపోతే మ్యాపులో పేర్లు చదవండి. సింహళంలో "వెవ" అంటే చెరువు, "గల" అంటే రాయి, "కంద" అంటే కొండ, "నువర" మన నగరమే, "గమ" మన గ్రామమే. ఉత్తరాన తమిళ పేర్లు: "తురై" రేవు, "తీవు" దీవి, "కుళం" చెరువు. పేరు చివర "వెవ" ఉండి పక్కనే కాస్త పెద్ద రోడ్డు పోతుంటే అక్కడ గట్టూ, చెట్లూ, టీకొట్టూ ఉంటాయి. మేం మధ్యాహ్నం ఆగిన చోట్లు సగం ఇలా దొరికినవే. బోర్డులన్నీ మూడు భాషల్లో ఉంటాయి. సింహళ అక్షరాలు మన అక్షరాలకి పినతల్లి పిల్లల్లా గుండ్రంగా ఉండి, చదివేయొచ్చు అనిపిస్తాయి. చదవలేం.

డబ్బు విషయం. మన రూపాయికి అక్కడ మూడు రూపాయల పైచిలుకు వస్తుంది. 2024 నుంచి యూపీఐ కూడా పనిచేస్తుందంటారు, పెద్ద దుకాణాల్లో చేసింది కూడా. కానీ చెరువుగట్టు మీద కొబ్బరిబొండం అమ్మే ఆవిడ దగ్గర ఏ క్యూఆరూ ఉండదు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు బంకుని అక్కడ "షెడ్" అంటారు, బంకు అని అడిగితే బ్యాంకు చూపిస్తారు.

ఇక దారి.

జాఫ్నాలో నల్లూరు గుడి, లైబ్రరీ అందరూ చెప్తారు, నేను చెప్పను. నల్లూరులో మగవాళ్ళు చొక్కా విప్పాలన్నది మాత్రం గుర్తుంచుకోండి. మీరు అక్కణ్ణుంచి గంట దూరంలో ఉన్న పరుత్తితురైకి పొండి, మ్యాపులో పాయింట్ పెడ్రో అని ఉంటుంది. దేశానికి ఉత్తరపు కొస. లైట్‌హౌసు, చేపల రేవు, అంతే. నేను పోయింది వడ కోసం. పరుత్తితురై వడ అని పొట్లాలు కట్టి అమ్ముతుంటే, మెత్తటి వడ అనుకుని కొన్నాను. విప్పితే మన చెక్కలు! పలచగా, కారంగా, పటుక్కున విరిగేవి. మా అమ్మ సంక్రాంతికి డబ్బాల్లో పోసిపెట్టేవే. పక్క కొట్లో తాటి తాండ్ర, ఎండబెట్టిన తేగలు. కొట్టావిడని తాండ్ర పేరడిగితే "పినాట్టు" అంది. మా ఊళ్ళో తాండ్ర అంటామని చెప్తే, "ఓం, ఓం" అంది. జాఫ్నా తమిళంలో ఓం అంటే అవును. మా ఆయన ఆమె జపం చేస్తోందనుకున్నారు. మీకు చెన్నై తమిళం వచ్చుంటే ఉత్తరమంతా బతికిపోతారు. కాకపోతే ఇక్కడి తమిళం అక్కడ మరీ మొరటుగా వినబడుతుందేమోనని నాకు అనిపించింది, కాస్త నెమ్మదిగా మాట్లాడాను.

అక్కణ్ణుంచి దక్షిణానికి రెండు దారులు. ఏ9 పెద్ద రోడ్డు, ఎలిఫెంట్ పాస్, కిలినొచ్చి మీదుగా పోతుంది. ఏ32 పడమటి ఒడ్డు వెంట, సంగుపిట్టి వంతెన దాటి పూనకరి మీదుగా మన్నారు పోతుంది. మీరు రెండోది పట్టండి. ఆ వంతెన 2011లో వచ్చింది. రెండు పక్కలా నీళ్ళు, మోకాలి లోతులో వలలు వేసే మనుషులు, ఆ తర్వాత గంటసేపు ముళ్ళచెట్లూ ఎండా తప్ప ఏమీ ఉండదు. షెడ్‌లు తక్కువ, జాఫ్నాలోనే ట్యాంకు నింపుకోండి. సైనిక చెక్‌పోస్టుల్లో ఆపితే పాస్‌పోర్టు చూపిస్తే సరి.

మన్నారులో రెండు రాత్రులుండండి. ఎందుకంటే నాకే సరిగ్గా తెలీదు, ఊళ్ళో చెప్పుకోదగ్గ హోటలు కూడా లేదు. రోడ్ల మీద గాడిదలు తిరుగుతుంటాయి, ఆవుల్లాగా. అరబ్బు వర్తకులు తెచ్చి నాటారని చెప్పుకునే బావోబాబ్ చెట్టు ఉంది, ఏనుగు కాళ్ళన్నీ కలిపి కట్టినట్టు మొదలు. తిరుకేదీశ్వరం గుడి పదిహేను నిమిషాల్లో. కానీ అసలు పోవాల్సింది తలైమన్నారు రేవుకి. ఎగ్మూరులో రైలెక్కి, ధనుష్కోటిలో ఓడెక్కి, ఈ రేవులో దిగి మళ్ళీ కొలంబో రైలెక్కేవాళ్ళు ఒకప్పుడు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి కొట్టుకుపోయింది. తర్వాత రామేశ్వరం నుంచి కొన్నేళ్ళు ఓడ నడిచి, అక్కడి అంతర్యుద్ధంతో అదీ ఆగింది. 2015లో రైలు మళ్ళీ ఇక్కడిదాకా వచ్చింది, ఓడ రాలేదు. తుప్పు పట్టిన రేవు కమ్మీల దగ్గర నిలబడితే మా ఆయన ఫోనుకి "ఇండియాకి స్వాగతం" అని మెసేజ్ వచ్చింది. ఆ పక్కన రోమింగ్ ఆపుకోండి, లేకపోతే బిల్లు వాచిపోతుంది.

మన్నారు నుంచి అనురాధపురం రెండున్నర గంటలు. ఊరంతా స్తూపాలే, టికెట్టు ఖరీదు. మేం బస మిహింతలెలో పెట్టుకున్నాం, 13 కిలోమీటర్లు తూర్పున. 1,840 మెట్లు, పొద్దున ఆరుకి ఎక్కాలి. సగం మెట్ల దగ్గర భిక్షువుల భోజనశాల ఉంది. అన్నం పోయడానికి ఒక రాతితొట్టి, గంజికి ఇంకొకటి, పడవలంత ఉన్నాయి. కొండ కింద పాత ఆసుపత్రిలో మనిషి ఆకారంలో తొలిచిన రాతితొట్టి, మందునూనెలో రోగిని పడుకోబెట్టడానికి. మన నాగార్జునకొండ శాసనాల్లో సింహళ భిక్షువుల కోసం కట్టిన విహారం ప్రస్తావన ఉంది గదా, ఆ రాకపోకలకి అవతలి కొస ఇది.

ఇక్కడే ఇంకో సంగతి. తంబుత్తేగమ వైపు, కలావెవ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే జనం ఉన్నారు. అహికుంటికులు అంటారు, పాములాడించడం, చెయ్యి చూసి చెప్పడం వాళ్ళ పాత వృత్తి. చెరువు దగ్గర ఒక పెద్దావిడ చెయ్యి చూస్తానని వచ్చింది. మేం మాలో మేం మాట్లాడుకుంటుంటే ఆగి విని, "నీళ్ళు?" అని మా సీసా చూపించింది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆమె మాట సగమే అర్థమైంది, మాది ఆమెకి అంతకన్నా తక్కువ. వాళ్ళ ఊరికి కెమెరాలు పట్టుకుని చూడ్డానికి పోకండి. దారిలో కలిస్తే కూచుని మాట్లాడండి, చెయ్యి చూస్తే డబ్బులివ్వండి.

తిండి గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే సింహళ ప్రాంతం మొదలైంది. నేను గుడ్డు కూడా ముట్టను. పప్పు అడిగితే పప్పే పెట్టారు, బాగుంది, రెండోసారి వేయించుకున్నాను. అడుగున చిన్న చెక్కపేళ్ళలాంటివి తగిలాయి. అది "ఉంబలకడ", ఎండబెట్టిన మాల్దీవుల చేప. కొబ్బరి సంబల్లో (అంటే పచ్చడిలో), పప్పులో, ఆకుకూరలో, ఎక్కడైనా వేస్తారు, వాళ్ళ లెక్కలో అది చేప కాదు, ఉప్పులాంటిది. కాబట్టి "మాళు ఎపా" అంటే చాలదు, "ఉంబలకడ ఎపా" అని విడిగా అనాలి. మాళు అంటే చేప, ఎపా అంటే వద్దు. వ్యవసాయ శాఖ వాళ్ళ "హెల బోజున్" స్టాళ్ళు కనబడితే వదలొద్దు. పల్లె ఆడవాళ్ళు కళ్ళముందే రాగిరొట్టె, ఆకుకూర గంజి, ఇడియాప్పం చేసిపెడతారు, ధర తక్కువ.

దంబుళ్ళ దాటాక మాతలెకి ముందు నాలంద గెడిగె అని ఒక రాతిగుడి ఉంది, బోర్డు చూసుకోకపోతే దాటిపోతారు. చూడ్డానికి పల్లవుల గుడే, మహాబలిపురంలో లేచి వచ్చినట్టు, లోపల బౌద్ధం. అక్కడ మేమిద్దరం, ఒక కుక్క, అంతే. మాతలె పక్కన అలువిహారలో బౌద్ధ గ్రంథాలు త్రిపిటకాలు మొదటిసారి తాటాకు మీద రాశారంటారు. ఇప్పటికీ తాటాకు మీద గంటంతో మన పేరు రాసిస్తారు.

కాండీలో ఒక్క పూట చాలు. ట్రాఫిక్ మన టీనగరే. కానీ కాండీ చివరి నలుగురు రాజులు, 1739 నుంచి 1815 దాకా, మధుర నాయకుల బంధువర్గం, తెలుగువాళ్ళు. ఆఖరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు, అసలు పేరు కన్నసామి. ఇంగ్లీషువాళ్ళు కాండీలోకి వస్తే ఆయన తూర్పుకి, మెదమహానువర కొండల్లోకి పారిపోయాడు. 1815 ఫిబ్రవరి 18న ఆ చుట్టుపక్కలే పట్టుకున్నారు. ఆ దారినే మీరు కారులో పోవాలి, ఏ26, కాండీ నుంచి మహియంగన. విక్టోరియా జలాశయం కింద పాత తెల్దెనియ ఊరు మునిగి ఉంది. మెదమహానువరలో రాజుగారి గుర్తుగా చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, ఒక బజారు, మంచు, మిరియాల తీగలు. టీ తాగి ముందుకి పోతే పద్దెనిమిది మలుపుల దిగుడు. ఆటోమేటిక్ కారైతే తక్కువ గేరులో పెట్టండి, బ్రేకు మీదే కాలుంచితే కాలిన వాసనొస్తుంది. ప్రతి మలుపుకీ హారన్. ఎక్కే బండికి దారివ్వాలి. నేను మలుపులు లెక్కపెట్టాను, పదిహేడే వచ్చాయి. ఎక్కడో కళ్ళు మూసుకుని ఉంటాను.

కొండదారులకి ముందు వానల వార్త చూడాలి. 2025 నవంబరు చివర దిత్వా తుపానుకి ఆ కొండలు ఎక్కడికక్కడ విరిగిపడి ఊళ్ళే పోయాయి. అక్కడి జాతీయ భవన పరిశోధన సంస్థ జిల్లాలవారీగా కొండచరియల హెచ్చరికలు ఇస్తుంది. మీ దారి ఉన్న జిల్లా పేరు అందులో ఉంటే బసలోనే ఉండిపోండి, గదికి ఇంకో రోజు అద్దె కట్టండి.

ఎల్లా బదులు హపుతలె. ఊరు ఒక గోడ అంచులాంటి కొండ మీద ఉంటుంది, బజారు మధ్యనుంచి రైలు పోతుంది, రెండు పక్కలా లోయ. లిప్టన్ కట్టించిన దంబతెన్నె టీ ఫ్యాక్టరీ 1890ది. దాని పైన ఏడు కిలోమీటర్లు నడిస్తే లిప్టన్ సీటు, లోయంతా కనబడే చోటు. తొమ్మిది దాటితే మబ్బు తప్ప ఏం కనబడదు. ఆకు కోసే ఆడవాళ్ళతో తమిళంలో మాట్లాడొచ్చు. వాళ్ళ తాతముత్తాతల్ని తీసుకొచ్చింది మన మద్రాసు రాజధాని పల్లెల నుంచే.

తర్వాతంతా దిగుడు. వెల్లవాయ దగ్గర బుదురువగలలో కొండకి చెక్కిన ఏడు విగ్రహాలు, మధ్యన ఉన్న బుద్ధుడు 51 అడుగులు. దారిపొడుగునా కుండల్లో గేదె పెరుగు వేలాడదీసి అమ్ముతారు, మీద కితుల్ (జీలుగ చెట్టు) బెల్లం పాకం. ఒక కుండ కొని కారులో పెట్టుకున్నాం, తనమల్విల దాటాక గుంటలో పడి ఒలికింది. సీటు వాసన ఆఖరిరోజు దాకా పోలేదు. తినేదేదో అక్కడే, అరుగు మీద కూచుని తినండి.

మత్తల దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే కొలంబో ఊళ్ళోకి పోకుండానే కటునాయక దాకా వచ్చేయొచ్చు. టోలుకి చేతిలో డబ్బుండాలి. కారిచ్చేముందు నీళ్ళతో కడిగించండి.

మా ప్రయాణంలో ఆఖరి మజిలీ మాత్రం ఇక్కడ, చెన్నై నుంచి 140 కిలోమీటర్లలో. ఆ కాండీ రాజు కన్నసామిని ఇంగ్లీషువాళ్ళు వేలూరు కోటలో పెట్టారు. పదహారేళ్ళుండి 1832లో అక్కడే పోయాడు. కోటలో కండి మహల్, ఊరి బయట పాలారు ఒడ్డున ముత్తుమండపం అని సమాధి. ఆటోవాడికి ముత్తుమండపం అంటే చాలు, తెలుసు. తిరిగొచ్చిన వారంలోనే, మలుపులు ఇంకా కళ్ళముందు తిరుగుతుండగానే పోవాలి. మేం ఆదివారం పొద్దున్నే ఏడింటికి బయల్దేరి, పది కల్లా అక్కడున్నాం.